తేదీలు మీరు వేయకండి, లింకులు వేయండి

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. అడిగిన తీరు వేరైనా చాలావాటి వెనక ఉన్న చిక్కు ఒక్కటే. సాఫ్ట్‌వేర్ లెక్కగట్టాల్సిన తేదీల్ని మనమే టైపు చేసేసి, ఆ తర్వాత అది లెక్కగట్టడం లేదని విసుక్కుంటున్నాం.

ప్రశ్న: మా బృందంలో ఆరుగురం. ఇప్పటిదాకా పనులన్నీ ఎక్సెల్‌లో రాసుకుంటున్నాం. ట్రెల్లో చాలని ఒకరు, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఉండాల్సిందేనని ఒకరు, జిరా నేర్చుకోమని ఇంకొకరు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి పనుల్ని కార్డులుగా చూపే బోర్డు, రెండోది పనుల తేదీల్ని లెక్కగట్టే షెడ్యూలు. ఏది కావాలో తేల్చుకోవడానికి మీ పనుల్లోంచి ఏదో ఒకటి తీసుకుని, అది 3 రోజులు ఆలస్యమైతే ఇంకెన్ని పనుల తేదీలు జరుగుతాయో చూడండి. ఒకటీ అరా అయితే బోర్డు చాలు. సగం జాబితా కదిలిపోతుందంటే షెడ్యూలు కావాలి.

బోర్డు పద్ధతికి మూలం టొయోటా కర్మాగారాల్లో తైచి ఓనో నడిపిన కాన్‌బాన్ చీటీలు. 2011లో వచ్చిన ట్రెల్లో దాన్ని తెర మీదికి తెచ్చింది. పనికొక కార్డు, దశకొక వరుస. పూర్తయిన కొద్దీ కార్డు కుడివైపుకి జరుగుతుంది. నేర్చుకోవడానికి గంట చాలు. ఫిర్యాదులు సర్దడం, వ్యాసాలు ప్రచురించడం లాంటి, వస్తూ పోతూ ఉండే పనికి ఇది బాగా నప్పుతుంది. జిరాలోనూ బోర్డు ఉంది కానీ, అది 2002లో సాఫ్ట్‌వేర్ లోపాల్ని నమోదు చేసే సాధనంగా పుట్టింది. ఆ వాసన ఇంకా పోలేదు. ఒక్క కార్డు తెరిస్తే నింపాల్సిన గడులు బోలెడు. మీరు ప్రోగ్రాములు రాసే బృందం కాకపోతే మొదటి సాధనంగా అది వద్దు.

షెడ్యూలు జాతిలో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ పాత కాపు, 1984లో, విండోస్‌కి ముందున్న డాస్ మీద మొదలైంది. ఉచితంగా దొరికేవాటిలో గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో చేసిన ఎంపీపీ ఫైళ్లని రెండూ చదవగలవు. నేర్చుకునేందుకు ఇవి ధారాళంగా సరిపోతాయి. హెన్రీ గాంట్ 1910ల్లో ప్రచారంలోకి తెచ్చిన అడ్డ గీతల చార్టు, 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీలు కలిసి రూపొందించిన క్రిటికల్ పాత్ (ఏ పనులు జారితే మొత్తం జారుతుందో చెప్పే) లెక్క, ఈ రెండూ కలిస్తేనే ఇవన్నీ.

ఇక ఎక్సెల్ సంగతి. ఒక్కరే చూసుకునే పదిహేను, ఇరవై పనులకు అది తప్పేమీ కాదు. ఒక తేదీ మార్చగానే మిగతావి చేత్తో మార్చాల్సి వచ్చిన రోజు దాన్ని వదిలేయండి.

ప్రశ్న: షెడ్యూలు సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఖాళీ పట్టిక, పక్కన ఖాళీ చార్టు. మొదట ఏం టైపు చేయాలి?

జవాబు: పనుల పేర్ల కన్నా ముందు రెండు సంగతులు చెప్పాలి. ప్రాజెక్టు మొదలయ్యే తేదీ, మీరు పనిచేసే రోజులు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో మొదటిది ‘ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్’లో, రెండోది ‘చేంజ్ వర్కింగ్ టైమ్’లో ఉంటాయి. మీరు ఏమీ ముట్టుకోకపోతే అది సోమవారం నుంచి శుక్రవారం దాకా, 8 నుంచి 12, మళ్లీ 1 నుంచి 5 అనుకుంటుంది. శనివారం పనిచేసేవాళ్లు ‘వర్క్ వీక్స్’లో దాన్ని పనిరోజుగా మార్చాలి. సెలవులు ‘ఎక్సెప్షన్స్’లో వేయాలి.

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. మీ పనివేళలు 9 నుంచి 5, మధ్యలో గంట భోజనం అనుకోండి. రోజుకి 7 గంటలే. క్యాలెండర్‌లో అలా మార్చి ఊరుకుంటే, ‘ఆప్షన్స్’లోని ‘షెడ్యూల్’ పేజీలో రోజుకి 8 గంటలన్న అంకె అలాగే ఉండిపోతుంది. అప్పుడు 1 రోజు అని రాసిన పని ఈ రోజు 7 గంటలు నడిచి, మిగిలిన గంట కోసం రేపు ఉదయం 10 దాకా సాగుతుంది. ఒక్కరోజు పని రెండు తేదీల్లో ఎందుకు కనిపిస్తోందని జుట్టు పీక్కుంటారు. రెండుచోట్లా అంకె ఒకటే ఉండాలి.

ఆ తర్వాత పనులు. ఒక చిన్న పుస్తకం అచ్చు వేసే ప్రాజెక్టు తీసుకుందాం. 1 రచన 10 రోజులు, 2 బొమ్మలు 6, 3 ఎడిటింగ్ 4, 4 పేజీల అమరిక 5, 5 ప్రూఫులు 3, 6 ముద్రణ 7, చివరగా 7 ‘కాపీలు అందాయి’ 0 రోజులు. సున్నా రోజులంటే మైలురాయి, చార్టులో వజ్రం గుర్తుగా కనబడుతుంది. పేరు, వ్యవధి, ఈ రెండు గడులే నింపండి. ‘స్టార్ట్’, ‘ఫినిష్’ అన్న గడుల జోలికి వెళ్లకండి. వేళ్లు ఊరుకోవు గానీ, వెళ్లకండి.

ఇప్పుడు ‘ప్రెడిసెసర్స్’ గడి. ఈ పని దేని తర్వాత అన్నది అక్కడ వరుస సంఖ్యతో రాస్తాం. లింకు వేయడమంటే ఇదే. ఎడిటింగ్‌కి 1, పేజీల అమరికకి 2 కామా 3, ప్రూఫులకి 4, ముద్రణకి 5, మైలురాయికి 6. బొమ్మల సంగతి కాస్త వేరు. రచన పూర్తయ్యేదాకా చిత్రకారుడు ఖాళీగా కూర్చోనక్కర్లేదు, 5 రోజుల్లో సగం చేతికొస్తే చాలు. దానికి 1ఎస్ఎస్+5డి అని రాయాలి, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి కొట్టాలి. ఒకటో పని మొదలైన 5 పనిరోజులకి ఇది మొదలవ్వొచ్చని అర్థం.

ఇప్పుడు లెక్క చూడండి. రచన, ఎడిటింగ్, అమరిక, ప్రూఫులు, ముద్రణ కలిపి 10+4+5+3+7, అంటే 29 రోజులు. ఇదే క్రిటికల్ పాత్. ఇందులో ఏది ఒక్కరోజు జారినా పుస్తకం ఒక్కరోజు జారుతుంది. బొమ్మలు 6వ రోజు మొదలై 11వ రోజుకి అయిపోతాయి. అమరిక మొదలయ్యేది 15వ రోజు. అంటే బొమ్మలకి 3 రోజుల వెసులుబాటు ఉంది. ‘టోటల్ స్లాక్’ అన్న గడి తెచ్చుకుంటే ఆ 3 అక్కడ కనిపిస్తుంది. ‘ఫార్మాట్’ ట్యాబ్‌లో ‘క్రిటికల్ టాస్క్స్’ టిక్కు పెడితే జారకూడని పనులన్నీ ఎర్రగా మారతాయి. ఎవరి వెంటపడాలో, ఎవర్ని రెండు రోజులు వదిలేయొచ్చో అక్కడ తెలుస్తుంది. చిత్రకారుడికి 6 బదులు 10 రోజులు పట్టిందనుకోండి. 15వ రోజుకి పూర్తవుతుంది, పుస్తకం మాత్రం 1 రోజే జారుతుంది.

క్యాలెండర్ ముందు సరిచేసుకోమన్నది ఇందుకే. ఇదే 29 రోజుల పని సోమవారం మొదలైతే, వారానికి 5 రోజులు పనిచేసేవాళ్లకి ఆరో వారం గురువారం ముగుస్తుంది. 6 రోజులు పనిచేసేవాళ్లకి ఐదో వారం శుక్రవారానికే అయిపోతుంది.

మరో చిన్న సంగతి. రంగు ఆరడం, కాంక్రీటు గట్టిపడటం లాంటివాటికి సెలవులుండవు. అలాంటి వ్యవధిని డి బదులు ఇడి అని రాస్తే ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: ముందు పని వ్యవధి పెంచినా వెనక పనుల తేదీలు కదలడం లేదు. లింకులు ఉన్నాయి, చార్టులో బాణాలూ కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: రెండు కారణాల్లో ఒకటి. ‘టాస్క్ మోడ్’ గడిలో గుండుసూది బొమ్మ కనిపిస్తోందా? అయితే ఆ పని మాన్యువల్ పద్ధతిలో ఉంది, అంటే దాని తేదీ మీరు చేత్తో మారిస్తేనే మారుతుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ 2010 నుంచి కొత్త పనులు మొదట అలాగే పుడతాయి. పనులన్నీ ఎంచుకుని ‘టాస్క్’ ట్యాబ్‌లో ‘ఆటో షెడ్యూల్’ నొక్కండి. తెర అడుగున ‘న్యూ టాస్క్స్’ అని ఉన్నచోట కూడా ఆటో చేసేస్తే ఇకపై వచ్చే పనులకి ఈ బెడద ఉండదు.

గుండుసూది లేకుండా, ఎడమ చివర గడిలో చిన్న క్యాలెండర్ బొమ్మ కనిపిస్తే రెండో కారణం. ఎప్పుడో మీరు ‘స్టార్ట్’ గడిలో తేదీ టైపు చేశారు. మీ దృష్టిలో అది ఒక అంచనా. సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని ‘ఈ తేదీ కన్నా ముందు మొదలవ్వకూడదు’ అన్న షరతుగా రాసుకుంది. ముందు పని ఆ తేదీని దాటేదాకా ఇది కదలదు. ‘ఫినిష్’ గడిలో వేస్తే ‘ఈ తేదీ కన్నా ముందు పూర్తవ్వకూడదు’ అన్న షరతు పడుతుంది. చాలామంది గడువు పెడుతున్నామనుకుంటూ చేసే పని ఇదే, అంటే వాళ్లు కోరినదానికి సరిగ్గా తిరగబడిన ఫలితం. ఎక్సెల్ నుంచి తేదీలతో సహా దిగుమతి చేసుకున్న ఫైళ్లలో ప్రతి వరుసకీ ఈ షరతు ఉంటుంది. అందుకే దిగుమతిలో పేర్లు, వ్యవధులు మాత్రమే తెచ్చుకోండి.

తీసేయడం తేలిక. ‘కన్‌స్ట్రెయింట్ టైప్’ అన్న గడిని పట్టికలోకి తెచ్చుకుని, మొదటి వరుసలో ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ ఎంచుకుని, కింది వరుసలన్నిటికీ కంట్రోల్, డి నొక్కి నింపేయండి. నిజంగానే షరతు అవసరమైన పనులు ఒకటో రెండో ఉంటాయి. యంత్రం ఫలానా తేదీకి గానీ రాదన్నప్పుడు, దాన్ని బిగించే పనికి షరతు ఉండాల్సిందే.

మరి గడువు ఎక్కడ రాయాలి? పని మీద రెండుసార్లు నొక్కితే వచ్చే పెట్టెలో ‘అడ్వాన్స్‌డ్’ అన్నచోట ‘డెడ్‌లైన్’ గడి ఉంది. అది తేదీల్ని పట్టి ఆపదు. చార్టు మీద ఆకుపచ్చ బాణంలా ఉండి, పని దాన్ని దాటిపోతే ఎర్ర గుర్తు చూపిస్తుంది. మనకి కావలసింది అదే.

ప్రశ్న: 10 రోజుల పనికి రెండో మనిషిని జతచేశాను. ఒకసారి 5 రోజులైంది, ఇంకోసారి 10 రోజులే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్గా?

జవాబు: బగ్ కాదు. వ్యవధి వేరు, పని గంటలు వేరు. పని గంటలంటే వ్యవధిని మనుషుల సంఖ్యతో హెచ్చవేసినది. ఒక్కరు రోజుకి 8 గంటల చొప్పున 10 రోజులు చేస్తే 80 గంటలు. రెండో మనిషిని తర్వాత చేర్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌కి ఒక సందేహం వస్తుంది. 80 గంటల పనినే ఇద్దరూ పంచుకుంటారా, లేక 10 రోజులూ ఇద్దరూ ఉంటారా? మొదటిదైతే 5 రోజులు, రెండోదైతే 160 గంటలు. గడి పక్కన చిన్న గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే ఏది కావాలో అడుగుతుంది. చాలామంది ఆ గుర్తుని చూడనే చూడరు. ఇద్దరినీ మొదటే ఒక్కసారిగా వేస్తే ఆ ప్రశ్న రాదు. వ్యవధి 10 రోజులే అనుకుని గంటల్ని 160 చేసేస్తుంది. రెండో మనిషి సగం సమయమే ఇస్తాడనుకుంటే అతని పేరు పక్కన 50 శాతం అని రాయండి. 80 గంటలకి రోజుకి 12 గంటల చొప్పున 6.67 రోజులొస్తుంది.

ఇంత లెక్కా ఒప్పే కానీ, మొదట్లో ఈ జంజాటంలోకి దిగకపోవడమే మేలు. ‘రచన’ని ‘1 నుంచి 5 అధ్యాయాలు’, ‘6 నుంచి 10 అధ్యాయాలు’ అని రెండు పనులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో మనిషిని పెట్టండి. ఎవరి పని ఆగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పైగా ఇద్దరు కలిస్తే సగం రోజుల్లో అయిపోతుందన్న భ్రమ కూడా ఉండదు. రెండోవాడికి అర్థమయ్యేలా చెప్పడానికే మొదటివాడికి ఒక రోజు పోతుంది, ఆ రోజు సాఫ్ట్‌వేర్ లెక్కలో ఉండదు.

ప్రశ్న: మా పని ఒకటి మూడు వారాలుగా 90 శాతం దగ్గరే ఆగి ఉంది. శాతం సరిగ్గా ఎలా వేయాలి?

జవాబు: శాతం అడగకండి. ‘ఇంకెన్ని రోజులు?’ అని అడగండి. శాతానికి అందరూ మనసులో తోచిన అంకె చెబుతారు. రోజులు చెప్పాలంటే మాత్రం మిగిలిన పనిని ఒకసారి కళ్లముందు పెట్టుకోవాల్సిందే. 10 రోజుల పనిలో 10 రోజులూ గడిచాక 90 శాతం అన్నారనుకోండి. అడిగితే ఇంకో 4 రోజులంటారు. ‘యాక్చువల్ డ్యూరేషన్’ 10, ‘రిమైనింగ్ డ్యూరేషన్’ 4 అని వేయండి. వ్యవధి 14 అవుతుంది, శాతం దానంతటదే 71కి దిగుతుంది, వెనక పనులన్నీ 4 రోజులు జరుగుతాయి. ఉత్త శాతం మాత్రమే వేసి ఊరుకుంటే తేదీ ఒక్కటీ కదలదు, గీతలో ముదురు భాగం కాస్త పెరుగుతుందంతే.

ఇంకో మాట. నిన్నటికి జరగని పని నిన్నటి తేదీలోనే ఉండిపోతే షెడ్యూలు అబద్ధం చెబుతున్నట్టే. వారానికోసారి ‘అప్‌డేట్ ప్రాజెక్ట్’ తెరిచి, ‘రీషెడ్యూల్ అన్‌కంప్లీటెడ్ వర్క్’ ఎంచుకుని ఈనాటి తేదీ ఇవ్వండి. జరగని ముక్కంతా ముందుకి వస్తుంది. బోర్డు వాడేవాళ్లకి ఈ గొడవే లేదు. పూర్తయిందా, లేదా, అంతే.

ప్రశ్న: మా ట్రెల్లో బోర్డులో ‘జరుగుతున్నవి’ వరుసలో 23 కార్డులున్నాయి. మేం ఐదుగురం. అన్నీ మొదలయ్యాయి, ఏదీ ముగియదు.

జవాబు: ఆ వరుసకి పరిమితి పెట్టండి. ఐదుగురికి 6 లేదా 7 చాలు. 23లో నిజంగా ఈ రోజు ఎవరైనా చేయి వేసేవి ఏవో చూసి, మిగతావి వెనక్కి ‘చేయాల్సినవి’లోకి పంపండి. వేరేవాళ్ల జవాబు కోసం ఆగినవాటికి ‘ఎదురుచూస్తున్నవి’ అని వేరే వరుస పెట్టి, ఎవరి కోసమో, ఎప్పటినుంచో కార్డు మీదే రాయండి. మీ 23లో చాలావరకు అక్కడికే చేరితే ఆశ్చర్యపోకండి. పరిమితి నిండాక కొత్త కార్డు తీయాలంటే పాతదొకటి ముగించాలి. చేతిలో పనిలేనివాళ్లు పక్కవాళ్ల కార్డుకి సాయం పడతారు. మొదటి వారం ఇది చిరాకు పుట్టిస్తుంది. రెండో వారంలో కుడివైపు వరుస నిండటం మొదలవుతుంది.

ముగియకపోవడానికి మరో కారణం కార్డు పేరు. ‘వెబ్‌సైట్’ అన్న కార్డు ఎప్పటికీ ముగియదు. ‘సంప్రదింపు పేజీలో ఫారం పనిచేయాలి’ అంటే ముగుస్తుంది. పేరు చివర క్రియ ఉండేలా రాయండి. ఒక్కో కార్డుకి ఒక్కరే బాధ్యులు, సాయం చేసేవాళ్లు ఎందరైనా సరే.

ప్రశ్న: బేస్‌లైన్ అంటే ఏమిటి? ఎప్పుడు వేయాలి?

జవాబు: ఒప్పుకున్న ప్లాన్‌కి తీసిన ఫొటో. పనులు, లింకులు, తేదీలు అందరూ సరేనన్నాక, మొదటి పని మొదలయ్యేలోపు ‘సెట్ బేస్‌లైన్’ నొక్కాలి. తర్వాత తేదీలు ఎంత కదిలినా ఆ ఫొటో మారదు. ‘ట్రాకింగ్ గాంట్’ అన్న వ్యూలో ఇప్పటి గీత కింద బూడిదరంగు గీతగా కనిపిస్తుంది. ఆలస్యమైన ప్రతిసారీ కొత్త బేస్‌లైన్ మీద మీద వేసేస్తే ఆలస్యం ఎప్పుడూ సున్నా అనే చూపిస్తుంది. పై అధికారికి చూపించడానికి బాగుంటుంది, మీకే ఏమీ తెలియదు. పని పరిధి నిజంగా పెరిగినప్పుడు మాత్రం కొత్తది వేయండి, పాతదాన్ని చెరపకుండా. మొత్తం 11 దాకా దాచుకోవచ్చు. ఒక్క పనే కొత్తగా చేరితే ఆ వరుసని మాత్రం ఎంచుకుని ‘సెలెక్టెడ్ టాస్క్స్’కి వేస్తే సరిపోతుంది.

ప్రశ్న: అన్నీ బాగా పెట్టాను కానీ మావాళ్లు ఎవరూ తెరవరు. నేనే అందర్నీ ఫోన్లో అడిగి నింపుతున్నాను.

జవాబు: మీరు నింపుతున్నంత కాలం వాళ్లు తెరవరు. వారానికో 15 నిమిషాల సమావేశం పెట్టి, తెర మీద ఆ బోర్డు లేదా చార్టే చూపిస్తూ మాట్లాడండి. వేరే నివేదిక అడగకండి. అక్కడ లేని పని గురించి చర్చ ఉండదని ముందే చెప్పండి. నింపాల్సిన గడులు మూడే ఉంచండి: ఎవరు, ఎప్పటికి, ఇంకెన్ని రోజులు. ప్రతి చిన్న మార్పుకీ అందరికీ వెళ్లే మెయిళ్లు మొదటి రోజే ఆపేయండి. రోజుకి నలభై వస్తే నలభైలో అవసరమైనది కూడా చదవరు.

ప్రశ్న: ప్రాజెక్టు మొదలవ్వడమే రెండు వారాలు ఆలస్యమైంది. ఇప్పుడు తేదీలన్నీ మళ్లీ మార్చాలా?

జవాబు: లింకులు వేసి ఉంటే ఒక్కటీ మార్చక్కర్లేదు. ‘ప్రాజెక్ట్’ ట్యాబ్‌లో ‘మూవ్ ప్రాజెక్ట్’ నొక్కి కొత్త తేదీ ఇవ్వండి. అదే పెట్టెలో ‘మూవ్ డెడ్‌లైన్స్’ అన్న టిక్కు ఉంటుంది. గడువులు బయటివాళ్లు పెట్టినవైతే దాన్ని తీసేయండి, లేకపోతే అవీ జరిగిపోయి ఎర్ర గుర్తు పడాల్సినచోట పడదు. బేస్‌లైన్ పాతచోటే ఉంటుంది కాబట్టి ప్రతి పనికీ రెండు వారాల తేడా చూపిస్తుంది.